చేతికిచ్చిన ఫోను

వైశాఖమధ్యాహ్నప్రచండమార్తాండకిరణసంతాపమున రోడ్డుమీది తారు కరగి చక్రముల కంటుకొనుచుండ బాటసారులు దుకాణముల చూరులక్రింద నొదిగియుండ విజయనగరప్రాంతమందలి యొకానొక నాలుగురోడ్లకూడలి పెనమువలె కాలుచుండెను. దాని నడుమ ట్రాఫిక్ హెడ్డుకానిస్టేబులగు పైడితల్లి యీల నోటబెట్టుకొని నిలిచియుండెను.

అంతలో నొక తెల్లనికారు ఎఱ్ఱదీపమును లెక్కసేయక దూసికొనివచ్చి రోడ్డు దాటుచున్న తాటిముంజెలమ్ము గవరమ్మయను వృద్ధురాలిని పడద్రోసి నిలిచెను. ముంజెలు నేలపాలయ్యెను. ముసలిదాని మోకాలు చిట్లి నెత్తురు కారుచుండెను. కారు నడిపిన నిఖిలేశుడను యువకుడు చెవినున్న ఫోనుతో "మళ్లీ చేస్తా" నని పలికి మఱి దిగెను. పైడితల్లికి అరికాలిమంట నెత్తికెక్కెను.

బండి నడుపుచు ఫోను మాటాడరాదని చట్టము చేసిరి. కూడళ్ల పలకలు కట్టిరి. బడిపిల్లలచేత ప్రతిజ్ఞలు చేయించిరి. అయినను మనవారికొక దిక్కుమాలిన యాచారము గలదు. పట్టువడినవాడు తప్పొప్పుకొనడు సరికదా యా ఫోనుతోడనే యొక పెద్దమనిషిని బిలిచి దానిని పోలీసుచేతి కిచ్చును. నేరమునకు సాధనమైన వస్తువే విముక్తికిని సాధనమగుచున్నది. ఎంత సిగ్గుమాలినతనము!

నిఖిలేశుడును నట్లే చేసెను. "మా మావయ్య, కాంట్రాక్టర్ చిట్టిబాబుగారు లైన్లో ఉన్నారు. మాట్లాడండి మేడం."

పైడితల్లి ఫోనందుకొనెను.

"మావాణ్ని వదిలేయమ్మా. మీ సారు నాకు బాగా కావలసినవాడు. నేనూ అటే వస్తున్నాను" అని యాజ్ఞాపించు గొంతువెనుక లారీలరొదయు హారనుమోతయు విననయ్యెను.

"బండి తోలుతూ మాటాడుతున్నారా బాబూ?"

"తోలితే నీకేంటి?"

"ముందు పక్కకి ఆపండి" అని యామె ఫోను కట్టివేసి సాక్ష్యముగా నుంచుకొనెను.

చిట్టిబాబు తలచిన మరునాడే తనకు మన్యమునకు బదిలీ తప్పదనియు ఇంటరు చదువుచున్న తండ్రిలేని కూతురు పట్టణమున నొంటరిదగుననియు నామె యెఱుగును. ఎఱిగియుండియు కొంతసేపటికి నల్లనికారులో ఫోను చెవినిబెట్టి యెవరినో గద్దించుచు వచ్చుచున్న చిట్టిబాబునకు ఎదురేగి చేయెత్తెను. కారామె మోకాళ్లయెదుట కీచుమని నిలిచెను.

"లైన్లో ఎవరున్నారో తెలుసా? మీ సారే" అని యతడు కిటికీనుండి ఫోను చాచెను.

"ఎవరైనా సరే. దిగి, మీ మేనల్లుడి పక్కన నిలబడండి."

ఆమె యా ఫోనును ముట్టదయ్యెను. మేనల్లునిపై ప్రమాదపుకేసును మేనమామకు జరిమానాను నచ్చోటనే వ్రాసి వారిరువురను తోడి కానిస్టేబులున కప్పగించి గవరమ్మను నలుగురి సాయమున నాటోలోని కెక్కించెను.

"నీవాళ్లెవరో సెప్పు పెద్దమ్మా, ఫోన్ చేసి రప్పిస్తాను."

"నాకెవులున్నారమ్మా, పోన్ సేయడానికి?"

ఫోను చేసికొనుటకు మనుష్యులున్నవారికి చట్టముతో బనిలేదు. ఎవ్వరును లేనివారికే యది కావలయును. అంతలో పైడితల్లి జేబునందలి సొంతఫోను పైయధికారి పిలుపుతో మ్రోగదొడగెను. ఆమె దానిని మ్రోగనిచ్చి ముసలిదాని తలను దన యొడిలో బెట్టుకొని యాటోను ఆసుపత్రికి పోనిమ్మనెను.