డాక్టరమ్మ అన్న మాట

వరద నీళ్లు మా గుమ్మం రెండో మెట్టు దాకా వచ్చిన సంవత్సరం అది. ఆ ఏడే మా చెల్లెలికి ఆపరేషన్ అయింది.

ఆమె మొగుడిది బట్టలు ఉతికే దుకాణం. హోటళ్ల దుప్పట్లు వస్తాయి. తడి దుప్పట్ల బుట్టను ఇద్దరు చెరో చెవి పట్టుకుని ఎత్తాలి. ఎక్కడైనా అదే పద్ధతి. అక్కడ మాత్రం రెండు చెవులూ పట్టేది మా చెల్లెలే. బావ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. పురిటి మంచం దిగిన ప్రతిసారీ ఆమె ఆ బుట్టే ఎత్తింది.

ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఇవన్నీ నాకు చెప్పింది. ఇలాంటివి అన్నకు చెప్పరు. నేను మాట్లాడే మనిషిని కాను కనుక గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకుంది. కింద ఏదో జారినట్టు ఉంటుందట. దొడ్డికి కూర్చుంటే సగంలో ఆగిపోతుందట. ముందు వైపు నుంచి వేలితో నొక్కి పట్టుకుంటే తప్ప దిగదట. ఏళ్ల తరబడి అంతే. లోపల ఆమె ఆ అవస్థలో ఉంటే బయట బావ తలుపు బాదేవాడు. "ఏమే, లోపలే కాపురం పెట్టావా? బుట్ట ఎవడెత్తుతాడు, మీ అన్నా?" అత్తగారు వరండాలోంచి అందుకునేది. "మేమూ కన్నాం పిల్లల్ని. ఇన్ని సోకులు పోలేదమ్మా!" చెల్లెలు సబ్బు అరిగేలా చేతులు కడుక్కుని వచ్చి వాళ్లకు వడ్డించేది. ఒక్కోరోజు కడుక్కోకుండానే వడ్డిద్దామా అనిపించేదట. ఆ మాట చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. "గర్భసంచి జారిందమ్మా. మలం దిగే దారికి ముందున్న గోడ వదులై సంచిలా ఉబ్బింది. మలం అందులో ఇరుక్కుంటోంది. గర్భసంచిని పైకి కడతాం, ఆ గోడ బిగించి కుడతాం. మొత్తం నయమవుతుందని మాటివ్వలేను గానీ చాలామందికి వేలి అవసరం తప్పుతుంది. మూడు నెలలు మాత్రం బరువులు ఎత్తకూడదు. ఎత్తితే మళ్లీ జారుతుంది."

"చెయ్యండి," అంది చెల్లెలు. మొగుణ్ణి అడిగి వస్తానని అనలేదు.

ఆపరేషన్ అయ్యాక ఆమెను వాళ్లింటికి తీసుకొచ్చిన సాయంత్రమే బావ అన్నాడు, "కుట్టేశారుగా, ఇంకేం? దుప్పట్లు కొండలా పడున్నాయి. రేపు బుట్ట పట్టు."

"ఎత్తొద్దంది డాక్టరమ్మ."

"ఎన్నాళ్లు?"

మూడు నెలలంటే, అవి నిండిన తెల్లారే బుట్ట తెచ్చి ఆమె కాళ్ల ముందు పెడతాడు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"జీవితాంతం," అంది.

అత్తగారు లేచి కూర్చుంది. "ఎవరు విన్నారే ఆ మాట?"

"అన్నయ్య విన్నాడు."

అందరూ నా వైపు తిరిగారు. మాట తక్కువ మనిషినని నా మాటకు ఆ ఇంట్లో విలువ ఎక్కువ.

"అన్నది," అన్నాను.

"సరిగ్గా విన్నావా బావా?" అని అడిగాడు చెల్లెలి మొగుడు.

"బుట్ట తాకినా ప్రమాదమేనట," అన్నాను. అంత పెద్ద మాట ఆ ఏడాదిలో మళ్లీ ఆడలేదు.

మరునాడు పొద్దున్నే వెళ్లి దుకాణం ఎదురుగా రెండు కుర్చీలు వేశాను, ఒకటి ఆమెకు, ఒకటి నాకు. టీ తెప్పించాను. బావ ఒక్కడే ఆ బుట్టను మోకాళ్ల దాకా ఎత్తి, దించి, మళ్లీ ఎత్తుతుంటే ఇద్దరం చూస్తూ నెమ్మదిగా తాగాము.