అరవై ఒకటో జవాబు

"గట్టిగా గాలి పీల్చుకోండి," అంది ఒత్తిడి తగ్గించే క్లాసు చెప్పే ఆవిడ. ఆవిడ మా గదిలోకి రాలేదు, గోడమీద తెరలో కనిపించింది. ఆవిడ వెనక పెద్ద కిటికీ, దాని బయట చెట్టు, కదులుతున్న కొమ్మలు. మేం ఇరవై రెండు మందిమి మూడో అంతస్తులో, మేకులు కొట్టిన మూడు కిటికీల మధ్య కూర్చుని, ఒకరు వదిలిన గాలి ఇంకొకరం గట్టిగా పీల్చుకున్నాం.

మా పనేమిటో చెప్తే మీకూ ఒళ్ళు మండుతుంది. జబ్బు ఊరంతా పాకిన ఆ రోజుల్లో, భయపడి ఫోన్ చేసేవాళ్ళకు సలహా చెప్పే కేంద్రం మాది. ఒక్కొక్కరి ముందూ ఒక ప్రశ్నల పుస్తకం ఉంటుంది. అరవై ప్రశ్నలు, అరవై జవాబులు. సొంత తెలివి వాడకూడదు, ఉన్నది ఉన్నట్టు చదవాలి. ప్రతి మాటా రికార్డవుతుంది. పుస్తకంలో లేని ప్రశ్న ఎవరైనా అడిగితే పసుపు చీటీ మీద రాసి, మేనేజరు సంతకంతో డాక్టరుగారికి పంపాలి. మర్నాటికి ఆయన జవాబు వస్తుంది. అది పుస్తకంలో చేరుతుంది, ఆ రోజునుంచి అందరూ చదవాల్సిందే.

ఏడో జవాబు నేను రోజుకు నలభైసార్లు చదివేదాన్ని. "కిటికీలు తెరిచి ఉంచండి. గాలి ఆడని గదిలో పదిమందితో కలిసి ఎక్కువసేపు కూర్చోకండి." చదివి తల తిప్పితే మేకు కనిపించేది. కిటికీకి నాలుగు చొప్పున పన్నెండు మేకులు. ఎవరో కిటికీ తెరిస్తే ఏసీ చల్లదనం వృథా అవుతోందని మేనేజరు కొట్టించాడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఫ్రిజ్జు సార్.

నా పక్క సీటు నా తోడికోడలిది. మరిది భార్యే అయినా నాకు సొంత చెల్లెలికంటే ఎక్కువ. ఒకే ఇంటినుంచి ఒకే బస్సులో వచ్చి, పక్కపక్కనే కూర్చుని, జనానికి ఆరోగ్యం బోధించేవాళ్ళం. ఒక వారంలో మా వరసలో అయిదుగురు మంచాన పడ్డారు. అందులో ఇదొకతి.

ఇంట్లో మేడమీది గది దానికిచ్చి, గుమ్మం బయట కంచం పెట్టి, తలుపు సందులోంచి మాట్లాడేదాన్ని. మిగతా నలుగురూ కోలుకుని పనిలోకి వచ్చేశారు. దానికీ జ్వరం తగ్గింది. ఆయాసం మాత్రం తగ్గలేదు. ఇరవయ్యో రోజున కిందికి దిగిరమ్మంటే పదహారు మెట్లకు రెండుసార్లు ఆగింది. మూడోసారి ఆగకుండా ఉండాలని గోడ పట్టుకుని నావైపు చూసి నవ్వింది చూడండి, ఆ నవ్వుకు నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే ఫ్రిజ్జు సార్ దానికి ఫోన్ చేశాడు. సోమవారం రాకపోతే సీటు ఇంకొకరికి ఇస్తాడట.

మర్నాడు పొద్దున్నే ఆయన గదికి వెళ్ళాను. ఆయన గదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది!

"సార్, దానికింకా ఊపిరి సరిగ్గా ఆడట్లేదు. ఇంకో రెండు వారాలు ఆగండి. లేదా ఆ మేకులన్నా పీకించండి," అన్నాను.

"మీలో ఒత్తిడి ఎక్కువైందమ్మా," అన్నాడాయన జాలిగా. "కోపం వస్తే రోగనిరోధక శక్తి తగ్గుతుంది. పద్నాలుగో జవాబు మీరే రోజూ చదువుతారు కదా? అందుకే క్లాసు పెట్టించాను. రేపు బిళ్ళలు కూడా ఇప్పిస్తున్నా."

"బిళ్ళలు కాదు సార్, గాలి కావాలి."

"పాజిటివ్‌గా ఆలోచించండి," అని పసుపు చీటీల కట్ట ముందుకు లాక్కుని, ఒక్కటీ చదవకుండా టకటకా సంతకాలు పెట్టుకుంటూ పోయాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మర్నాడు అన్నట్టే తలొక డబ్బా బిళ్ళలూ, నవ్వే ముఖం బొమ్మున్న బ్యాడ్జీ పంచిపెట్టాడు, తోడికోడలి వాటా నా చేతికిచ్చాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేశానని మా ఆయన అన్నాడు. ఉప్పుకు కూడా పద్నాలుగో జవాబు చదివి వినిపించమంటారా అన్నాను. మేడమీదినుంచి తోడికోడలు నవ్వింది, నవ్వు మధ్యలో దగ్గొచ్చి ఆగిపోయింది. ఫ్రిజ్జు సార్ సంతకాల సంగతి చెప్తే మాత్రం, ఒక్కటీ చదవడా అని రెండుసార్లు అడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం నా ఫోన్ మోగింది.

"నమస్కారం, సలహా కేంద్రం. చెప్పండి," అన్నాను.

"నమస్కారమండీ. నాదొక ప్రశ్న."

గొంతు గుర్తుపట్టాను. నా తోడికోడలు! ఇంట్లో నన్ను 'అక్కా' అని తప్ప పిలవని పిల్ల, ఇప్పుడు ఎవరో పరాయిదానిలా 'అండీ' అంటోంది. నేనూ బింకంగా ఉన్నాను. పేరు అడగకూడదన్నది మా నియమమే.

"అడగండమ్మా."

"నేను పనిచేసే గదిలో ఇరవై రెండు మంది కూర్చుంటామండీ. మూడు కిటికీలకూ మేకులు కొట్టేశారు." ఆగి ఊపిరి తీసుకుంది. "జబ్బుపడి ఇరవై రోజులు దాటింది, ఇంకా ఆయాసం ఉంది. సోమవారం రమ్మంటున్నారు. రోగనిరోధక శక్తి పెంచుకోవడానికి బిళ్ళలిచ్చారు. అవి వేసుకుని వెళ్ళొచ్చా?"

"ఈ ప్రశ్న మా పుస్తకంలో లేదమ్మా. డాక్టరుగారికి పంపిస్తాను," అన్నాను. పసుపు చీటీ ఒకటి ముందుకు లాక్కున్నాను.

ఫోన్ ఏ సీటుకు పోతుందో యంత్రానికి తప్ప ఎవరికీ తెలియదు. వేరేవాళ్ళకు తగిలితే ఏడో జవాబు చదివి పెట్టేస్తారని, ఆరుసార్లు చేసి ఆరుసార్లూ పెట్టేసిందట, ఏడోసారికి నేను తగిలాను. అవతల నిజంగా భయపడుతున్నవాళ్ళు లైను కోసం ఎదురుచూస్తుంటే ఇదేం పని పిల్లా అని సాయంత్రం తిట్టాను. తిడుతూనే తల నిమిరాను.

చీటీ మీద ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. ఫ్రిజ్జు సార్ దానిమీదా టకామని సంతకం కొట్టాడు.

శనివారం పొద్దున కొత్త కాగితం ఆయనే స్వయంగా అందరి బల్లలమీదా పెట్టుకుంటూ పోయాడు. "అరవై ఒకటోది వచ్చింది. ముందు అందరూ ఒకసారి పైకి చదవండి, తప్పుల్లేకుండా," అని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

చదివాం. ముందు ప్రశ్న, తర్వాత జవాబు. ఇరవై ఒక్క గొంతులు ఒకేసారి.

"మేకులు పీకించండి. పీకేదాకా ఆ గదిలో ఎవరూ కూర్చోవద్దు. ఆయాసం ఉన్నవారు మరో రెండు వారాలు విశ్రాంతి తీసుకోవాలి. బిళ్ళలు గాలికి బదులు కావు."

రెండోసారి చదవమని ఎవరూ అనలేదు. హెడ్‌సెట్లు బల్లమీద పెట్టి ఒక్కొక్కరే లేచి బయటి వసారాలోకి వచ్చి ఎండలో నిలబడ్డాం. లోపల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అవతలున్నవాళ్ళు ఏం పాపం చేశారు?

ఫ్రిజ్జు సార్ పరుగెత్తుకొచ్చాడు. "జనం అల్లాడిపోతుంటే ఇక్కడ ఎండ కాగుతారా? ఎవరు చెప్పారు మీకు?"

"మీరే సార్," అని కాగితం చేతికిచ్చాను. "ఉన్నది ఉన్నట్టు పాటించాం."

చదివాడు. కింద డాక్టరుగారి సంతకం, పక్కన తన సంతకం. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఇది ఎవరడిగారు?" అన్నాడు చివరికి.

"పేరు అడగకూడదు కదా సార్."

ఆయనే వడ్రంగిని పిలిపించాడు. పన్నెండు మేకులూ పీకడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? పావుగంట. పావుగంట పనికోసం అయిదుగురు మంచాన పడ్డారు, ఒకతి మెట్లమీద ఆగి ఆగి నవ్వింది. నాకు సంతోషం కలగలేదు. లోపలికి వెళ్ళి, తెరిచిన కిటికీ పక్కన కూర్చుని, మోగుతున్న ఫోన్ ఎత్తాను.

రెండు వారాల తర్వాత తోడికోడలు వచ్చి కిటికీ పక్క సీటులో కూర్చుంది. అప్పటికి గోడమీద ఒక ప్రకటన వెలిసింది: 'సిబ్బంది ఆరోగ్యం కోసం మేనేజరుగారి చొరవ - తెరిచిన కిటికీలు.' పక్కన ఆయన ఫొటో, నవ్వుతూ. అది చదివి నేను పళ్ళు కొరుకుతుంటే, "కోపం తగ్గించుకో అక్కా, రోగనిరోధక శక్తి," అంది అది. ఇద్దరం నవ్వుకున్నాం. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు.

ఆ రోజు మొదటి ఫోన్ ఒక మగ గొంతు. అలసిపోయి ఉంది.

"ఈ మధ్య ఒత్తిడి తట్టుకోలేకపోతున్నానమ్మా. నిద్ర లేదు. ఏం చేయాలి?"

పద్నాలుగో జవాబు మీద వేలు పెట్టాను. గట్టిగా గాలి పీల్చుకోండి, అని మొదలవుతుంది. వేలు తీసేశాను.

"ముందు ఒకటి చెప్పండి బాబూ. మీరు పనిచేసేచోట కిటికీ తెరుచుకుంటుందా?"

"మీకెలా తెలిసిందమ్మా?" అన్నాడు.

పుస్తకంలో అరవై ఒకటో జవాబున్న చివరి పేజీ తీశాను.