వంద లెక్కపెట్టేదాకా

భార్య వాసంతి చనిపోయినప్పటి నుంచి ఆరేళ్ల కూతురు తనతో సరిగా మాట్లాడటం లేదని రత్నాకర్ పిల్లలతో ఎలా ఆడాలో పెద్దలకు నేర్పే ఆన్‌లైన్ తరగతిలో చేరాడు. తార్నాక ఇంట్లో పాప ఆడనంటే, యూనివర్సిటీలో వాసంతి పనిచేసిన లైబ్రరీ ముందు పాపతో కలిసి కూర్చుని ఫోన్ తెరిచాడు.

“పాప ఏ ఆట చెప్తే అదే సార్. కాదనొద్దు,” అంది ఫోన్‌లో తరగతి మేడం.

“దాగుడుమూతలు. అమ్మ లోపల దాక్కున్నది. నువ్వు కళ్లు మూసుకొని వంద లెక్కపెడితే బయటికొస్తది,” అంది పాప.

రత్నాకర్ ఫోన్ వైపు చూశాడు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. తొంభై దాటాక ఒక్కో అంకెకూ ఆగుతూ వచ్చాడు. తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయాడు.

“ఏంది నాన్నా, ఆపితే తొండి!” పాప అతని మోకాలు కుదిపింది. “మళ్లీ మొదటి నుంచి.”

“ఒకటి,” అన్నాడు రత్నాకర్, కళ్లు తెరవకుండానే.