చిన్న బ్యాటరీ, తొమ్మిదో ఓటు

కారు బ్యాటరీలో చార్జి ముప్పై ఆరు శాతం. టైము పదకొండుంపావు. టోరున్ కళ్ళు ఆ రెండంకెల మధ్యే కొట్టుకుంటున్నాయి. ఎదురుగా కొండదారికి అడ్డంగా గేటు. గేటు అవతల తెల్లటి గాలి తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

తుఫాను రోజున ఆ కొండ మీద ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు పోవడానికి లేదు. మంచు తోసే లారీ అవతలి బండ్లని వెంటబెట్టుకుని వస్తుంది. ఇవతల ఆగిన బండ్లని వెంటబెట్టుకుని పోతుంది. ముందు బండి ఎర్రదీపాలు చూసుకుంటూ దాని వెనకే పాకాలి. మధ్యలో ఒక్క బండి ఆగిందా, వెనకున్న వాళ్ళందరూ మంచులో కూరుకుపోయినట్టే.

టోరున్ రెండు గంటలకల్లా ఎల్వెదాల్ పంచాయతీ హాల్లో ఉండాలి. ఊరి అంబులెన్సు స్టేషన్ ఎత్తేయాలా వద్దా, ఇవాళ ఓటు. సభ్యులు పదిహేడు మంది. ఎత్తేద్దామనే వాళ్ళు ఎనిమిది, వద్దనే వాళ్ళు తొమ్మిది. ఆ తొమ్మిదో మనిషి టోరున్. ఆమె లేకపోతే ఎనిమిదికి ఎనిమిది, అప్పుడు అధ్యక్షుడు ఎటంటే అటు. అధ్యక్షుడు ఎత్తేద్దామనే బాపతు. ఫోనులో ఓటేస్తానంటే కుదరదన్నారు. ఆమెకి బదులు కూర్చోవలసిన సభ్యురాలు స్పెయిన్లో ఎండ కాచుకుంటోంది.

నిన్న చెల్లెలి యాభయ్యో పుట్టినరోజుకని టోరున్, మొగుడూ కోస్తా పట్నం వెళ్ళారు. పొద్దున ఏడింటికే బయల్దేరారు. కొండ కింద ఆఖరి చార్జింగ్ దగ్గర ఆరు బండ్లు వరసలో ఉన్నాయి. అప్పటికి నలభై ఏడు శాతం ఉంది. టోరున్ దారి లెక్క వేసింది, చలి లెక్క వేసింది, సరిపోతుందని ఆగకుండా వచ్చేసింది. గేటు దగ్గర పడిగాపుల లెక్క మాత్రం వెయ్యలేదు. ఆ కొండల్లో పుట్టి పెరిగిన మనిషి!

"హీటరు ఆపెయ్యి," అంది.

"ఇప్పటికే కాళ్ళు కొయ్యబారాయి," అన్నాడు మొగుడు జోస్టైన్, గోధుమరంగు చీజు పెట్టిన రొట్టె నములుతూ. "పెద్ద బ్యాటరీది కొందామే అని మొత్తుకున్నాను. విన్నావా?"

వినలేదు. రెండేళ్ళ కిందట షోరూములో ఒకే రకం కార్లు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి మామూలు బ్యాటరీ. రెండోది దూరాలకని పెద్ద బ్యాటరీ, ఎనభై వేల క్రోనర్లు ఎక్కువ. "రోజుకి నలభై కిలోమీటర్లు తిరిగేదానికి అంత బరువు ఏడాదంతా మోస్తామా? కొండ దాటేది ఏడాదికి ఐదుసార్లు. ఆ ఐదుసార్లూ దారిలో ఆగి కాఫీ తాగుదాం," అంది టోరున్. ఆమెతో వాదించి గెలిచిన మగాడు ఎల్వెదాల్లో లేడు.

"ఆ ఐదుసార్లలో ఒకటి ఇదే, తల్లీ," అన్నాడు జోస్టైన్.

నారింజరంగు కోటు వేసుకున్న పిల్ల ఒకతె బండి బండికీ ఆగుతూ వస్తోంది. గేటు ఆమె చేతిలో ఉంది. పేరు రాగ్న.

"నలభై లోపున్న బండ్లని ఇవాళ పంపట్లేదు. పైన ఎంతసేపు ఆగాలో మాకే తెలీదు," అని ముందు కారువాడికి చెబుతోంది. తొంగి చూడటం లేదు, అంకె అడుగుతోంది, నమ్మి ముందుకు పోతోంది.

జోస్టైన్ గొంతు తగ్గించాడు. "నలభై రెండని చెప్పు. ఆ పిల్ల చూడదు."

టోరున్ నాలుక కొస దాకా వచ్చింది నలభై రెండు. అద్దంలోకి చూసింది. వెనక ముప్పై బండ్ల దీపాలు. ఆ గాలిలో తన కారు చచ్చి ఆగితే వాళ్ళ గతేమిటి?

"ఎంతుందక్కా?" రాగ్న అద్దం మీద తట్టింది.

అంకె ఈలోగా ఇంకో రెండు దిగింది. "ముప్పై నాలుగు."

"పక్కకి తియ్యండి. కిందకెళ్ళి చార్జి పెట్టుకుని రండి. తర్వాతి వరస రెండింటికి."

రెండింటికి! జోస్టైన్ ఆమె వంక చూడలేదు. అదే నయం.

నాలుగు బండ్ల ముందు అదే రకం కారు, అదే బూడిదరంగు. టోరున్ దాన్ని ఇందాకే గుర్తుపట్టింది. హాల్వార్ కారు. పెద్ద బ్యాటరీది. ఎత్తేద్దామనే ఎనిమిది మందిలో గట్టి గొంతు వాడిదే. పన్ను పీకించుకోవడానికి పట్నం పోయి వస్తున్నాడు. టోరున్ కారు పక్కకి తీసి, దాన్ని జోస్టైన్‌కి వదిలి, సంచి తీసుకుని దిగింది. గాలి మొహం మీద ఇసుక కొట్టినట్టు కొట్టింది.

హాల్వార్ అద్దం రెండు వేళ్ళ సందు దించాడు.

"ఎంతుంది నీకు?"

"అరవై ఆరు. ఏం?"

"నన్ను ఎక్కించుకో."

హాల్వార్ నవ్వబోయాడు, వాచిన దవడ నవ్వనివ్వలేదు. "నా మెడకి నన్నే తాడు తెచ్చుకోమంటావా, టోరున్? నువ్వు ఇక్కడ ఆగితే మేం గెలిచినట్టే."

"తెలుసు. అందుకే బతిమాలను. ఒక్కసారే అడుగుతున్నా. ఎక్కించుకుంటావా, లేదా?"

మంచులోంచి పసుపుదీపం గిర్రున తిరుగుతూ బయటపడింది. లారీ వచ్చేసింది. అవతలి బండ్లు ఒక్కొక్కటే దాటిపోయాయి. లారీ వెనక్కి తిరిగింది. గేటు లేచింది. ముందు బండి కదిలింది. హాల్వార్ ఇంకా స్టీరింగు పట్టుకుని కూర్చునే ఉన్నాడు. వెనకవాడు హారను కొట్టాడు.

హాల్వార్ పక్కసీటు మీది కోటు వెనక్కి విసిరాడు. "బూట్లు దులుపుకుని ఎక్కు. సీట్లు కొత్తవి."

కొండమీద దారి లేదు, ఆకాశం లేదు. ముందు రెండు ఎర్ర చుక్కలు, అంతే. సగం దారిలో ఆ చుక్కలు ఆగిపోయాయి. ముందెక్కడో సరుకు లారీ జారి అడ్డం పడిందట. ఐదు నిమిషాలు, పది, ఇరవై. గాలికి కారు ఊగుతోంది. హాల్వార్ హీటరు తగ్గించను కూడా లేదు. టోరున్‌కి ఆ వెచ్చదనం ముళ్ళలా ఉంది.

"ఒకటడగనా?" అన్నాడు హాల్వార్. "నువ్వు చిన్న బ్యాటరీ ఎందుకు కొన్నావో ఊరంతా విన్నది. ఏడాదిలో ఐదు రోజుల కోసం అంత బరువు దేనికి అని. మేం అంటున్నదీ అదేగా! మిగతా రోజుల్లో అంబులెన్సు కొండ అవతలి నుంచి వస్తుంది. కొండ మూసిన రోజు దాని పని పడేది ఏడాదికి ఐదుసార్లు. దానికోసం ఒక స్టేషనా?"

టోరున్‌కి చెంప మీద కొట్టినట్టయింది. వాడన్నది నిజం. తన మాటే, అక్షరం పొల్లుపోకుండా.

"అవును, తప్పు బండి కొన్నా," అంది. "తప్పు కొన్నాను కాబట్టి గేటు దగ్గర దిగి నీ అద్దం కొట్టాను. గుండె పట్టుకుని పడిపోయినవాడు ఎవడి అద్దం కొడతాడు హాల్వార్? అది చెప్పు. ఇంకోటి కూడా చెప్పు. నీ ఒక్కడి కోసం ఆ ఐదు రోజులకని పెద్దది కొనుక్కున్నావే! ఊరికి మాత్రం చిన్నది చాలా?"

హాల్వార్ దవడ పట్టుకున్నాడు. పన్ను నొప్పో, మరేమిటో. ఎర్ర చుక్కలు కదిలాయి.

కొండ దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. ఇంకా డెబ్బై కిలోమీటర్లు. దారి నల్లగా, తడిగా ఉంది. హాల్వార్ తోలుతున్నాడు. వేగం పెంచడు, తగ్గించడు. టోరున్ వేళ్ళు సంచి పిడిని పిండేస్తున్నాయి. ఇక్కడ వాడు ఏ సందులోకో తిప్పి, కాఫీ అని పది నిమిషాలు ఆగితే చాలు. ఎవరూ తప్పనరు.

ఇంకో పావుగంట దారి ఉందనగా ఫోను మోగింది. అధ్యక్షుడు. గొంతు కారంతా నిండింది.

"ఎక్కడున్నావురా? తొందరగా రా. ఆ టోరున్ గేటు దగ్గరే చిక్కుపడిందట! నువ్వొస్తే మనదే."

హాల్వార్ ఆమె వైపు చూశాడు. టోరున్ తల తిప్పుకోలేదు.

"వస్తున్నాం," అన్నాడు.

"వస్తున్నాం అంటే? నీతో ఎవరు?"

హాల్వార్ ఫోను కట్ చేశాడు.

రెండింటికి ఇంకా నాలుగు నిమిషాలుందనగా హాలు ముందు ఆగారు. టోరున్ పరుగెత్తి వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. అధ్యక్షుడు ఆమెని చూశాడు, తలుపులోంచి వస్తున్న హాల్వార్‌ని చూశాడు, మొహం గంటు పెట్టుకుని కాగితాలు సర్దుకున్నాడు. గంటన్నర మాటలు నడిచాయి. తర్వాత చేతులు.

"స్టేషన్ ఎత్తేయాలనే వాళ్ళు?"

ఏడు చేతులు లేచాయి. హాల్వార్ బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు. అధ్యక్షుడు దగ్గాడు. ఎనిమిదో చెయ్యి లేచింది. ఆలస్యంగానే, కాని లేచింది.

"వద్దనే వాళ్ళు?"

టోరున్ చెయ్యి అందరికంటే ముందు లేచింది. అధ్యక్షుడు ఒకసారి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆయన తొమ్మిది అని రాసేదాకా ఆమె చెయ్యి దించలేదు.