కదలకమ్మ

"కదలకమ్మా, ఒక్క క్షణం," అంటూ ఆమె ఏడేళ్ల పాపకు సీసపు ఏప్రాన్ కప్పి, మెడకు పట్టీ చుట్టింది. రోజంతా ఇదే మాట కావడంతో ఆ పళ్ల ఆసుపత్రిలో ఆమెకు కదలకమ్మ అనే పేరే స్థిరపడింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

ఎక్స్‌రే ఫిల్మును నోట్లో పట్టి ఉంచే ప్లాస్టిక్ పిడి చిన్న నోళ్లలో ఇమడదు. పిల్లలు ఓకరిస్తారు, ఫిల్ము జారుతుంది, బొమ్మ చెడుతుంది. డాక్టరు గుమ్మంలోంచే "మళ్లీ తియ్యి" అంటాడు. అంటే ఆ పసిదాని మీద ఇంకోసారి కిరణాలు. దానికి మాత్రం ఆమె ససేమిరా ఒప్పుకోదు. అందుకే ఇరవై ఆరేళ్లుగా ఫిల్ము మూలను తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించి పట్టి, రెండో చేత్తో మీట నొక్కుతోంది. పిల్లకు ఒక్కసారితో సరి. తన వేలికి రోజుకు ఎన్నిసార్లో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. తల్లుల్ని పట్టుకోమనవచ్చు గానీ, వాళ్ల చేతులు వణుకుతాయని ఆమె నమ్మకం. పనితనం మీద కాస్త గర్వం కూడా.

ఏడాదిగా ఆ చూపుడువేలి గోరు నల్లబడి చీలి ఉంది, పక్కన పుండు మానడం లేదు. "అంట్ల సబ్బు పడలేదేమో," అన్నాడు డాక్టరు, చూడకుండానే.

ఫిల్ము తీశాక ఆమె గ్లోవు విప్పుతుంటే ఆ వేలు పాప తల్లి కంట పడింది.

"ఛీ! ఆ వేలా నా పిల్ల నోట్లో పెట్టింది?"

"గ్లోవు ఉందమ్మా. ఒక్కసారితో అయిపోవాలనీ..."

తల్లి అప్పటికే డాక్టరు గదిలో ఉంది.

పది నిమిషాలకు డాక్టరు బయటికొచ్చాడు. "రేపట్నుంచి రావద్దులే. పేషెంట్లు జడుసుకుంటున్నారు. ఆ వేలు ఎవరికైనా చూపించుకో."

"మీరూ డాక్టరేగా, బాబూ."

"నేను పళ్ల డాక్టర్ని."

అన్నేళ్లలో ఆమె పనిని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఒళ్లు మండిపోయింది. విసిరికొట్టి వెళ్దామనుకుంది గానీ, ఫిల్మును సగంలో వదిలేస్తే పాప మళ్లీ కూర్చోవాలి. చీకటి గదిలో దాన్ని మందు నీళ్లలో కడిగి, క్లిప్పుకు తగిలించింది. లంచ్ బాక్సు తీసుకుని మెట్లు దిగింది. వెళ్లొస్తానని చెప్పడానికి ఎవరూ ఖాళీగా లేరు.

ఫిల్ము ఆరాక డాక్టరు దాన్ని దీపపు పెట్టె మీద పెట్టాడు. పాలపన్ను, దాని కింద మొలుస్తున్న కొత్త పన్ను, రెండూ స్పష్టంగా పడ్డాయి. మళ్లీ తీయాల్సిన పని లేదు. ఆ మాటే బయట కూర్చున్న తల్లికి చెప్పడానికి వెళ్లాడు.

వెలుగుతున్న పెట్టె మీద, ఫిల్ము మూలన, పళ్ల పక్కనే ఒక వేలి ఎముక, కొస పుచ్చిపోయి.