తొంభై ఆరుకి ఎన్ని?

లెక్కల టీచరుగా పద్దెనిమిదేళ్ళ నుంచి చేస్తున్నాను. నా దగ్గర మార్కులు అంత తేలిగ్గా రాలవు. పిల్లలు నాకు 'సున్నాలమ్మ' అని పేరు పెట్టుకున్నారని తెలుసు. అందులో అబద్ధం లేదు కాబట్టి విననట్టే ఊరుకున్నాను. అలాంటి నా చేతికి మా తమ్ముడు మార్కులు వేసుకున్న కాగితం దొరికితే ఊరుకుంటానా?

ఆ కాగితం ఆస్పత్రిలో కౌన్సిలరు అమ్మాయి ఇచ్చింది. తమ్ముడికి స్కిజోఫ్రీనియా వచ్చి పన్నెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ డాక్టర్లు అడిగినవన్నీ జబ్బు గురించే. నిద్ర పడుతోందా, గొంతులు వినిపిస్తున్నాయా, మందులు వేసుకుంటున్నాడా అని. ఈ కాగితం వేరు. తానెంత కోలుకున్నాననుకుంటున్నాడో మనిషి తనే చెప్పుకోవాలి. ఇరవై నాలుగు వాక్యాలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. ఒక ప్రతి వాడికి, ఇంకో ప్రతి ఇంట్లోవాళ్ళకి. అమ్మ పోయాక వాడికి ఇంట్లోవాళ్ళంటే నేనొక్కదాన్నే.

ఇదంతా ఒక గది కోసం. వాడు పని చేసే టైలరు షాపు పైన చిన్న గది ఖాళీ అయింది. "నువ్వే ఉండరాదూ" అన్నాడట షాపు మాస్టరు. వీడు సరేనన్నాడు. నేను కుదరదన్నాను. నెల రోజులు ఇంట్లో అదే గొడవ. చివరికి ఆ అమ్మాయి, "రెండు కాగితాలూ తీసుకుని శుక్రవారం రండి, కూర్చుని తేల్చుకుందాం" అంది.

నా భయం ఊరికే పుట్టింది కాదు. ఆరేళ్ళ కిందట బాత్రూంలో వాడు ఎవరితోనో మాట్లాడుతుంటే విని, పోనీలే అనుకున్నాను. మర్నాడు ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. మూడు రోజుల తర్వాత ఊరి చివర బస్సుల షెడ్డులో, కాళ్ళకి చెప్పులు లేకుండా దొరికాడు. ఆ మూడు రోజులూ ఏం తిన్నానో, అసలు తిన్నానో లేదో నాకు గుర్తు లేదు. అప్పటినుంచీ వాడు స్నానానికి వెళ్తే నేను తలుపుకి చెవి ఆనించి నిలబడతాను. లోపల్నుంచి పాట వినిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది. మా తమ్ముడికి పాట రాదు. శ్రుతి ఒక దారి, వాడొక దారి. అయినా నాకు అంత హాయైన పాట ఇంకోటి లేదు.

శుక్రవారం పొద్దున తన కాగితం నా సంచిలో పెట్టమని ఇచ్చి, వాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నేను వాడిది విప్పి చూశాను. తొంభై ఆరుకి డెబ్బై ఒకటి వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. 'అవసరమైతే సాయం అడగగలను' అన్నదానికి నాలుగట. జ్వరమొస్తే చెప్పకుండా ముసుగు తన్ని పడుకునేవాడికి నాలుగా? ఎర్ర కలం చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. నాలుగులు కొట్టేసి ఒకట్లు చేశాను, ఒకదానికైతే సున్నానే పెట్టాను, మూళ్ళు కొట్టేసి రెళ్ళు చేశాను. కింద కూడి ముప్పై ఎనిమిది అని రాసి, దాని చుట్టూ గీత గీసి, అలవాటు కొద్దీ పొట్టి సంతకం కూడా పెట్టాను.

అప్పటికి గానీ ఏం చేశానో తెలిసిరాలేదు. చెప్పే ధైర్యం లేక కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

ఆస్పత్రిలో కౌన్సిలరు అమ్మాయి దాన్ని విప్పి కాసేపు చూసింది.

"ఇది ఎవరు దిద్దారండీ?"

తమ్ముడు తొంగి చూసి నవ్వాడు.

"మా అక్క టీచరండీ. చేతిలో కాగితం, కలం రెండూ ఉంటే ఆగలేదు. డాక్టరుగారి మందుల చీటీలో కూడా తప్పులు దిద్దుతుంది."

వాడు కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వేసరికి నాకు తలెత్తబుద్ధి కాలేదు.

"సరే, కొట్టేసినవాటిలో రెండు చూద్దాం" అంది ఆ అమ్మాయి. "'గొంతులు వినిపించినా నా పని నేను చేసుకోగలను.' మీరు నాలుగు వేశారు, అక్కగారు ఒకటి చేశారు."

"నీకింకా వినిపిస్తున్నాయా?" అన్నాను. "ఆగిపోయాయన్నావుగా?"

"నువ్వు హడలిపోతావని అలా అన్నానక్కా. మధ్యాహ్నం మిషను ఆపినప్పుడు వస్తాయి. కాలరు వేస్తున్నాను, తర్వాత రండి అంటాను. ఒక్కోసారి వినవు. అప్పుడు మాస్టరుకి చెప్తాను. ఆయన పక్కన కూర్చోబెట్టుకుని కాజాలు కుట్టమంటాడు. కాసేపటికి పోతాయి, పోకపోతే ఉంటాయి. చొక్కా మాత్రం సాయంత్రానికి అయిపోతుంది."

సాయం అడగడమంటే మరేమిటి? నాకు చెప్పలేదు గానీ, చెప్పాల్సిన చోట చెప్పుకుంటున్నాడు. అక్కడ నేను గీసిన ఒకటి నన్నే వెక్కిరిస్తున్నట్టుంది.

"ఇంకొకటి. 'నా వల్ల ఒకరికి మేలు జరుగుతోంది.' మీరు నాలుగు. అక్కగారు సున్నా." ఆ అమ్మాయి వాడి వైపు తిరిగింది. "ఎవరికో చెప్తారా?"

తమ్ముడు బల్ల అంచుని జానలతో కొలుస్తూ కూర్చున్నాడు.

"అక్కకండీ."

"ఎలా?"

"నేను స్నానం చేస్తుంటే తలుపు బయట నిలబడుతుంది. కింద సందులోంచి కాళ్ళు కనిపిస్తాయి. లోపల చడీ చప్పుడూ లేకపోతే అలాగే నిలబడిపోతుంది పాపం, బడికి ఆలస్యమవుతుంది. అందుకని పాడతాను. రెండు చరణాలయ్యేసరికి కాళ్ళు వెళ్ళిపోతాయి."

"రోజూనా?"

"ఆరేళ్ళ నుంచీ. నాకు పాడటం ఇష్టం లేదండీ. నా పాట నేనే వినలేను."

నేను కాపలా కాస్తున్నాననుకున్న ఆరేళ్ళూ వాడే నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు. దానికి నేను వేసింది సున్నా. బడిలో లెక్కలేనన్ని సున్నాలు వేశాను గానీ, ఒక్కటీ ఇలా తిరిగొచ్చి నాకు తగల్లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

కళ్ళు తుడుచుకుని సంచిలోంచి ఎర్ర కలం తీశాను.

"మళ్ళీనా?" అన్నాడు తమ్ముడు.

సున్నా కొట్టేసి నాలుగు వేశాను. మిగతావాటి మీదికి వెళ్ళబోతుంటే ఆ అమ్మాయి కాగితం మెల్లిగా తన వైపు లాక్కుంది. "చాలండి. ఆయన వేసుకున్నవి నాకు కనిపిస్తూనే ఉన్నాయి."

బయటికొచ్చాక అన్నాను, "గదికి వెళ్ళు. తాళం చెవి ఒకటి మాత్రం నాకివ్వాలి."

"ఇవ్వను. ఆదివారాలు నేనే వస్తాను. నీకు రావాలనిపిస్తే తలుపు కొట్టు."

వాడు వెళ్ళిన నాలుగో రోజు పొద్దున, నా దారి కాకపోయినా ఆ వీధిలోంచే బడికి బయల్దేరాను. షాపు ఇంకా తెరవలేదు. పక్కనున్న మెట్లెక్కి వాడి గది దాకా వెళ్ళాను. లోపల నీళ్ళ చప్పుడు. తలుపుకి చెవి ఆనించాను. నీళ్ళు పడుతున్నాయి, మగ్గు తగులుతోంది. పాట లేదు.

కొడదామని చెయ్యెత్తాను. అప్పుడు గుర్తొచ్చింది, వాడికి పాడటం ఇష్టం లేదని.

చెయ్యి దించి, మెట్లు దిగాను. ఆ రోజు మొదటి పీరియడుకి అందరికంటే ముందు క్లాసులో ఉన్నాను.