ఎడమ పెట్టె పలకదు

వెధవ అనే అన్నాడు, ఇప్పుడు ఇల్లంతా ఏకమై అనలేదంటోంది గానీ అన్నాడు, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర, ఎడంపక్కన కూర్చుని వెధవ బావా అన్నాడు, కాదండీ, ఎడమ, బావా అన్నాడు, నేను గుమ్మంలోనే ఉన్నానుగా అని తలుపవతల పెళ్లాం గొంతు చించుకుంటోంది, ఎడమకూ వెధవకూ తేడా తెలియనంత వెధవా తను, ఇరవై రెండేళ్లుగా రేకుల కార్ఖానాలో ప్రెస్సు మిషను నడిపే మేస్త్రి, కింద పడ్డ రేకు చప్పుడు విని దాని మందం చెప్పగల మొనగాడు, అలాంటివాడికి తిట్టు తెలియదా అనుకుంటూ మేస్త్రి, అందరినీ బయటికి నెట్టి వేసుకున్న గడియ వంక చూశాడు, పడే ఉంది, కుడి అరచెయ్యి ఇంకా మండుతోంది, బావమరిది చెంపకు గురిపెడితే గూబ మీద పడింది, గూబ గుయ్యిమనిపిస్తా అని లోకమంతా మాటవరసకు అంటుంది, తనకు మాటవరస రాదు, చేతివరసే, రెండోది పిడికిలి, అది ముక్కు మీద పడింది, పచ్చి కొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు, నెత్తురు మూడు చుక్కలు యాంప్లిఫయరు మూత మీద పడి ఆ వేడికి అప్పుడే ఎండి నల్లబడుతున్నాయి, దాయాది చావు కోరతాడు బావమరిది బతుకు కోరతాడు అని సామెత, ఈ బావమరిది ఎవడి దుకాణంలోనో చచ్చిన స్పీకరు పెట్టె బతుకు కోరి దాన్ని తన నెత్తిన పెట్టాడు, బతికినదాని పక్కన శవాన్ని నిలబెట్టి జత అన్నాడు, అడిగితే బాగానే ఉంది బావా అన్నాడు, పెళ్లాం తమ్ముణ్ణి కొట్టడం తప్పేమో గానీ మోసగాణ్ణి కొట్టడం తప్పు కాదు, ఆ మోసగాడు పెళ్లాం తమ్ముడు కావడం తన తప్పా.

దీనంతటికీ మూలం ఆ లేతు మిషను వాడు, మూలం అంటే మూలే, కార్ఖానాలో టీ తాగుతూ వాడు చెప్పిందంతా మూలల గురించే, ఫిడేలాయన ఈ మూల కూర్చున్నట్టుంటాడు మేస్త్రీ, డప్పువాడు ఆ మూల, కళ్లు మూసుకుంటే ఇద్దరూ నీ గదిలోనే ఉంటారు, అసలు కంప్యూటరుకే రెండు మంచి పెట్టెలు తగిలించుకుంటే కచేరీ ఇంట్లోనే అన్నాడు, ఇరవై రెండేళ్లుగా దబ్ మని పడే ఇనుము తప్ప ఇంకేమీ వినని మనిషికి ఆ మాట ఎండిన నేల మీద నీళ్లలా పడింది, అప్పటిదాకా తనకు కంప్యూటరంటే అమ్మాయి చదువుకునే డబ్బా, మౌసంటే వంటింట్లో తిరిగేది, మూడు ఆదివారాలు బావమరిది వచ్చి పక్కన కూర్చుని ఓనమాలు దిద్దించాడు, చెప్పకపోతే పాపం, ఓపిగ్గానే దిద్దించాడు, కంప్యూటరులో పాట అంకెలుగా ఉంటుంది బావా, ఆ అంకెల్ని మళ్లీ పాటగా మార్చేది ఈ చిన్న డబ్బా, దీన్ని డ్యాక్ అంటారు, డ్యాక్ ఏమిటిరా, పాట అందులో దాక్కుంది కాబట్టి దాక్ అను అని తను జోకేశాడు, ఎరుపు వైరు ఎరుపులో, నలుపు నలుపులో, తారుమారైతే రెండు పెట్టెలూ ఒకదాని గొంతు ఒకటి మింగేస్తాయి, ఓహో, వైరు తప్పితే వైరమన్నమాట, ఇద్దరూ నవ్వుకున్నారు కూడా, నువ్వు చెప్పకపోతే కంప్యూటరు తన పొట్టలోని బుల్లి స్పీకరుకే పాట పంపుకుంటుంది, తెర మీద డ్యాక్ పేరు నొక్కి ఇటు పంపు అని చెప్పాలి, వాల్యూము సున్నాకు తిప్పాకే స్విచ్చి వెయ్యి, చివరికి పెట్టెకూ పెట్టెకూ మధ్య ఎంత దూరమో పెట్టెకూ నీకూ అంతే దూరం, ముక్కోణం బావా ముక్కోణం అని దర్జీలా టేపు పట్టి కొలిచి కుర్చీ వేశాడు, ముక్కోణం నేర్పినవాడికి ముక్కు కోణమే మార్చేశాడు తను, కానీ మార్చాల్సివచ్చింది, ఇవాళ పొద్దున అన్నీ బిగించి పాట పెడితే డప్పువాడు బుద్ధిగా కుడి మూల కూర్చున్నాడు, ఫిడేలాయన మాత్రం ఎడమ మూలకు రాలేదు, దుప్పటి కప్పుకుని వెళ్లి డప్పువాడి ఒళ్లోనే కూర్చున్నాడు, పక్కకు వంగి ఎడమ పెట్టె గుడ్డకు అటువైపు చెవి ఆనించి విన్నాడు, గోడకు ఆనించినట్టే ఉంది, నాకు వినిపిస్తోందే బావా, రెండూ పలుకుతున్నాయి అన్నాడు వాడు, కళ్లలోకి చూసి మరీ అన్నాడు, పక్కన కూర్చోబెట్టుకుని గోడను ఫిడేలంటే ఎవడి చెయ్యి ఊరుకుంటుంది.

అవతల ఏదో జర్రుమంది, సంచి జిప్పు, అమ్మాయి బట్టలు సర్దుతున్నట్టుంది, నాన్నా తలుపు తియ్యి, మావయ్యకు నెత్తురు ఆగట్లేదు, ఆసుపత్రికి వెళ్తున్నాం, అక్కణ్ణుంచి ఇటు రాం అంటోంది, పద్నాలుగేళ్ల పిల్లకు రాం అనే మాట ఎవరు నేర్పారు, వాళ్లమ్మే, వాళ్లమ్మ తలుపు మీద అరచేత్తో కొడుతోంది, నేనూ పిల్లా వీడి వెంటే వెళ్తున్నామండీ, విన్నారా, అంటోంది, కింది వాటాలోని టైలరు కూడా పైకి వచ్చాడు, టేపు మెళ్లో వేసుకునే వచ్చుంటాడు, ఇంతకాలం నడుములు కొలిచాడు, ఇవాళ తన కాపురం కొలవడానికొచ్చాడు, మేస్త్రీ, పెద్దమనిషివి, బయటికి రావయ్యా అంటున్నాడు, వస్తాడు, పెట్టె చచ్చిందని రుజువు చేసి, ఆ శవాన్ని చంకన పెట్టుకుని మరీ వస్తాడు, అందరి ముందూ నేల మీద పెట్టి, ఇదిగో చూడండి, నేను ఊరికే కొట్టానా అంటాడు, అప్పుడు సంచిలోంచి బట్టలు వాటంతటవే బీరువాలోకి పోతాయి, ఆ ఒక్క రుజువు మీదే ఇల్లు నిలబడి ఉంది, స్క్రూడ్రైవరు పళ్ల మధ్య కరిచిపట్టుకుని మేస్త్రి పెట్టెల వెనక్కి దూరాడు, వైర్లు పీకాడు, స్పీకరు అని పేరెందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది, పీకుతూ కూర్చోవాలి, ఎడమ పెట్టెను కావలించుకుని కుడికి మోశాడు, కుడిదాన్ని ఎడమకు, అంచు తగిలి బొటనవేలి గోరు లేచింది, లేవనీ, మళ్లీ ఎరుపుకు ఎరుపు నలుపుకు నలుపు బిగించి పాట పెట్టి కుర్చీలో కూలబడ్డాడు, చచ్చిన పెట్టె కుడి మూల నుంచి గణగణ పలికింది, ఇప్పటిదాకా పలికిన పెట్టె ఎడమ మూలకు వెళ్లి చచ్చింది, కాదు, కాదు, అయితే పెట్టె కాదు, వైరు, వైర్లు మార్చాడు, ఎడమ మూల చచ్చే ఉంది, అయితే యాంప్లిఫయరు, వెనకాల కన్నాలు మార్చాడు, చచ్చే ఉంది, అయితే డ్యాక్, దాన్నుంచి వచ్చే తీగల్ని అటుదిటు ఇటుదటు చేశాడు, ఎడమ మూలలో శ్మశానమే, తెర మీద రెండు పెట్టెల బొమ్మలున్నాయి, వాటిని నొక్కితే పరీక్షకు గంట మోగుతుందని వాడే చూపించాడు, కుడి బొమ్మ నొక్కాడు, కుడి మూల టింగుమంది, ఎడమ బొమ్మ నొక్కాడు, కుడి మూలే నీరసంగా టింగుమంది, అంటే కంప్యూటరు కూడా బావమరిదితో కుమ్మక్కైంది, కళ్ల ముందు ఎర్రగా కమ్మింది, ఒకసారి ఫోర్‌మన్ కాలరు పట్టుకుని గోడకేసి అదిమినప్పుడు కమ్మిన ఎరుపే ఇది, రేడియో మాటలు మింగుతోందని దాన్ని మేడ మీంచి విసిరినప్పటి ఎరుపే, కంచం నేలకేసి కొడితే అది దొర్లుకుంటూ వెళ్లి పెళ్లాం కాలిమడమ కోసినప్పటి ఎరుపే, రుజువు దొరకదు, దొరకనివ్వరు, అయితే రుజువే ఉండకూడదు.

బల్ల కిందున్న పనిముట్ల పెట్టెలోంచి సుత్తి తీశాడు, పాట ఆపలేదు, చచ్చేవాడికి ఆఖరి పాట ఉండాలి, ముందు ఎడమ పెట్టె మొహం, అందులో గుండ్రటి అట్ట ఊపిరి పీలుస్తున్నట్టు లోపలికీ బయటికీ ఆడుతోంది, ఆడుతోంది గానీ పలకదు, నోరు కదుపుతూ మాట్లాడనివాడంటే తనకు మొదట్నుంచీ మంట, ఆ నోట్లోనే దించాలి, ఆ తరవాత కుడిది, ఆ తరవాత యాంప్లిఫయరు, అద్దం తెర, ఆ తరవాత తలుపు తీసి, తీసి ఏం చెయ్యాలో సుత్తికే తెలుస్తుంది, సుత్తి భుజం మీదుగా వెనక్కి వెళ్లింది, అప్పుడే తలుపు ధనధనమంది, టైలరు భుజంతో తోస్తున్నట్టున్నాడు, ఎవడ్రా అది, తల పగలగొడతా అని అరుస్తూ మేస్త్రి గిర్రున తలుపు వైపు తిరిగాడు, తిరిగిన మరుక్షణం వీపు వెనక ఫిడేలు లేచింది, దుప్పటి తీసేసి, సన్నగా, తెగిన రేకు అంచంత పదునుగా, ఎడమ మూల నుంచి, ఇంతసేపూ శ్మశానంలా ఉన్న మూల నుంచి, ఫిడేలాయన వచ్చి కూర్చుని వాయిస్తున్నాడు, డప్పువాడు ఎక్కడికో పోయాడు, దొరికావురా అని మేస్త్రి మళ్లీ ఇటు తిరిగాడు, ఫిడేలు చచ్చింది, డప్పు బతికింది, అటు తిరిగాడు, డప్పు చచ్చింది, ఫిడేలు బతికింది, సుత్తి ఎత్తిన చేత్తోనే గది మధ్యలో బొంగరంలా ఇటూ అటూ తిరిగాడు, ఒక్క పెట్టె ఒక్క అంగుళం కదల్లేదు, ఒక్క వైరూ మారలేదు, ఎవడూ ఏదీ పీకలేదు, తిరుగుతున్నది తనొక్కడే.

సుత్తి నెమ్మదిగా దిగింది, ఎడమ చెయ్యి పైకి లేచింది, తనకు తెలియకుండానే లేచి తల మీదుగా వంగి కుడిచెవిలో వేలు పెట్టింది, గట్టిగా, గోరు గుచ్చుకునేదాకా, పాట ఆగిపోయింది, పెళ్లాం ఆగిపోయింది, టైలరు ఆగిపోయాడు, వెళ్లిపోయారనుకున్నాడు, కానీ తలుపు గడియ కదులుతోంది, కొక్కెంలో ఎగిరి పడుతోంది, మళ్లీ ఎగిరి పడుతోంది, ఇనుము మీద ఇనుము పడుతోంది, చప్పుడు లేదు, జీవితంలో చప్పుడు లేకుండా పడిన ఇనుమును చూడటం అదే మొదలు, వేలు తీశాడు, ప్రపంచం ధనధనమంటూ మీద పడింది, పెట్టాడు, లేదు, ఎడమ చెవి ఉంది, తడుముకుంటే తగులుతోంది, తమ్మె, మడత, కన్నం అన్నీ ఉన్నాయి, లోపల ఎవరూ లేరు, ఎప్పుడు ఖాళీ చేశారో చెప్పా పెట్టకుండా వెళ్లిపోయారు, ప్రెస్సు తనకు ఎడంపక్కనే ఉంటుంది, ఇరవై రెండేళ్లు ఆ పక్కనే దబ్ దబ్ మంది, ఆ పక్కనే నిలబడి రేకు అందించే కుర్రాడొకడు, ఆరేళ్ల కిందట, ఆగన్నా అని అరిచానంటాడు, రెండుసార్లు అరిచానంటాడు, తను పెడలు తొక్కాడు, వాడి రెండు వేళ్లు రేకుతో పాటు అవతల డబ్బాలో పడ్డాయి, అరవలేదు, అబద్ధాలకోరు, తప్పు నా నెత్తిన రుద్దుతున్నాడని గేటు దగ్గర అందరూ చూస్తుండగా కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు, వాడు కింద కూర్చుండిపోయి, అరిచానన్నా, అరిచాను అంటూనే ఉన్నాడు, అరిచాడు, ఇప్పుడు వినిపిస్తోంది, రెండుసార్లూ అరిచాడు, పెళ్లాం వీధిలో నడుస్తూ నడుస్తూ ఎందుకో వెనకనుంచి చుట్టి తన కుడిపక్కకు వచ్చేస్తుంది, ఎడంపక్కన మాట్లాడి మాట్లాడి, దెబ్బలు తిని తిని, ఏ పక్కన బతకొచ్చో తెలుసుకుంది, కారణం ఆవిడకూ తెలియదు, కాళ్లకు తెలిసింది.

గడియ తీశాడు, టైలరు తూలి లోపలికి పడబోయి, చేతిలో సుత్తి చూసి ఎంత వేగంగా వచ్చాడో అంత వేగంగా వెనక్కి కుట్టుకుపోయాడు, మేస్త్రి సుత్తి నేల మీద పెట్టి, ముందుగదిలోకి వచ్చి మెట్ల గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, బావమరిది కుర్చీలో తల వెనక్కి వాల్చి ముక్కుకు తడిగుడ్డ అదుముకుని ఉన్నాడు, గుడ్డ సగం ఎర్రబడింది, అమ్మాయి సంచి భుజాన వేసుకుని వాడి వెనక నిలబడింది, మేస్త్రి చెప్పడం మొదలుపెట్టాడు, పెట్టె బాగానే ఉంది, రెండూ బాగానే ఉన్నాయి, వైర్లు బాగున్నాయి, వీడు మోసం చెయ్యలేదు, నా ఎడమ చెవి పనిచెయ్యట్లేదు, పెట్టెలు మార్చి చూశాను, అన్నీ మార్చి చూశాను, నేను అటు తిరిగితే చచ్చిన పెట్టె పలికింది, కుడిచెవి మూసుకుంటే మీరెవ్వరూ లేరు, టైలరుకు ముందుగా ఊపిరొచ్చింది, ఓరి నాయనో, చెవుడా, అదా సంగతి, ఇంకేం మరి, తెలిసిపోయింది, ఏదో పొరపాటు, సర్దుకుపోండమ్మా అంటున్నాడు, గుడ్డ కింద నుంచి బావమరిది ముక్కుతో కాక గొంతుతో మాట్లాడాడు, అదే బావా నేను చెప్పబోయింది, ఎడమ, బావా, ఎడమ చెవి ఒకసారి డాక్టరుకు చూపించుకో అందామనుకున్నా, ఎడమ దగ్గరే కొట్టేశావు, అమ్మాయి కళ్లు మావయ్య మీంచి నాన్న మీదికి వచ్చాయి, మేస్త్రి పెళ్లాం వైపు చూశాడు, చెప్పేశానుగా, లెక్క తేలిపోయిందిగా, ఇక సంచి దించొచ్చుగా అన్నట్టు చూశాడు, ఆవిడ తనకు కుడిపక్కకు జరగలేదు, ఎదురుగా నిలబడింది, గొంతు పెంచలేదు, చెవికి చెవుడొచ్చింది సరేనండీ, చేతికేమొచ్చింది, అంది.

పూర్తిగా వినిపించింది, ఒక్క అక్షరం తప్పిపోలేదు, మేస్త్రి చెయ్యి వంక చూసుకున్నాడు, వేళ్ల కణుపుల మీద వాడి నెత్తురు ఆరిపోయి ఉంది, లెక్కలోంచి ప్రెస్సు తీసెయ్యాలి, ఇరవై రెండేళ్లు తీసెయ్యాలి, చెవి తీసెయ్యాలి, వెధవ ఎడమ అన్నీ తీసెయ్యాలి, తీసేసినా ఇది మిగులుతోంది, ఒకవేళ వాడు నిజంగానే వెధవ అని ఉంటే, పెట్టె నిజంగానే చచ్చి ఉంటే, అప్పుడూ ఇది లేచేది, ఇలాగే లేచేది, గుమ్మానికి అడ్డంగా ఉన్న మేస్త్రి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు, చేతికేం రాలేదే, అది బాగానే ఉంది, దానికి అన్నీ తెలిసే లేచింది, అన్నాడు, అక్కడున్న అందరికీ వినపడేలా.